వ్రణములును యాంటీబయాటిక్ మందులును

(కూచిపూడియందు జరిగిన సంఘ వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)

   

ఆహ్వానసంఘమువారు మమ్ము సంస్కృత భాషాభ్యాస ప్రయోజనమును గూర్చి మాటలాడుమని కోరిరి. ఆ విషయముపై మేము ముప్పదియేండ్లకు మించి పాఠశాలయందు మాటలాడియే యుంటిమి. వినినవారిలో బెక్కుమంది నేడీ పందిరిలోనే కూర్చుండియున్నారు గనుక వారికి మరల నా శిక్ష విధించుటకు మనసొప్పలేదు. కార్యదర్శిగారి యనుమతి వడసి వేఱొక విషయమును స్వీకరించితిమి. గాయపడినవానికి యాంటీబయాటిక్ అనెడి మందు ఎప్పుడు కావలెను, ఎప్పుడక్కఱలేదు అనునదియే యా విషయము. మేము వైద్యులము గాము. వైద్యులు వ్రాసినవానిని, ప్రపంచారోగ్యసంస్థవారు ప్రకటించిన మార్గదర్శకములను జదివి, తెలియనిచోట దెలిసినవారి నడిగి గ్రహించినదానిని మన వాడుకకు దగినట్లుగా విన్నవించుటయే మా పని.

ఈ విషయమునకును గూచిపూడికిని సంబంధమేమని కొందఱడుగవచ్చును. ఈ గ్రామమున నృత్యము నేర్చు పిల్లల పాదములను జూచినవారికి సంబంధము తెలియును. బండనేలపై వట్టికాళ్లతో గంటలకొలది యడుగులు వేయుటచే మడమలు పగులును. గజ్జెలపట్టీ యొరసికొని చీలమండకడ తోలు లేచును. తరంగమునకు బళ్లెము నంచుపై నిలుచు నభ్యాసములో వ్రేళ్లసందులు కోసికొనుట క్రొత్త గాదు. ఇక గ్రామము దాటి మొవ్వదారి బట్టిన నిరుప్రక్కల వరిమళ్లు. నాట్లనాడు దినమంతయు బాదములు బురదలో నానియుండును; కోతలనాడు కొడవలి తెగును; గడ్డివాముకడ ములుకు గ్రుచ్చును; చెఱువులలో రొయ్యముల్లును, జేపముల్లును దిగును. దివిసీమనుండి బెజవాడవఱకు గల మన కుటుంబములలో గాయపడని సంవత్సరమున్న యిల్లొక్కటియైన గలదా యని మా సందేహము. అట్లే వాడగా మిగిలిన రెండు మూడు గొట్టపుమాత్రలు బీరువాలోనో, దేవుని గూటిలోనో దాచియుంచని యిల్లును గానము.

మేమెఱిగిన యొక కౌలురైతు సంగతి చెప్పెదము. పేరును నూరును జెప్పుట భావ్యము గాదు. నాట్లకాలమున నాతని బొటనవ్రేలి క్రింద నొక యినుపరేకు గ్రుచ్చుకొన్నది. నొప్పి యంతగా లేదు. మందుల దుకాణమునకు బోయి "పుండు మానుటకు మాత్ర" లిమ్మనగా నాలుగిచ్చిరి. వారమునకు వేఱురంగువి యాఱిచ్చిరి. మూడవమాఱు సూదియు వేయించుకొనెను. గాయమును సబ్బునీటితో గడుగుమని గాని, పాదము నెత్తి చూపుమని గాని చెప్పినవారు లేరు. ఇరువదిదినములకు జ్వరముతో వైద్యశాలకు జేరినపుడు తేలినదేమన, నాతనికి మధుమేహము చిరకాలముగా నున్నది, ఎవరును బరీక్షింపలేదు. నొప్పి లేకపోవుటకు గారణము పాదమున స్పర్శ చచ్చుటయే. రేకుముక్క యింకను లోపలనే యున్నది. రెండు వ్రేళ్లు తీసివేసిరి. ఆ సంవత్సరము కౌలు నిలువలేదు. కుమారుని చదువు మన సంఘ విద్యార్థివేతనముచే నిలిచినది. ఆ కుటుంబమునకు గావలసిన మొదటి మందు పటుకారును, సబ్బును, రక్తపరీక్షయు. అవి చేసి యుండినచో యాంటీబయాటిక్కు యవసరమో కాదో యా పిమ్మట నిర్ణయమయ్యెడిది.

ఇందు బ్రధానమైన భ్రమ యొకటి కలదు. యాంటీబయాటిక్కు పుండును మాన్పదు. అది బాక్టీరియా యనబడు సూక్ష్మజీవులను జంపును, లేదా వాని వృద్ధిని నిలుపును. అంతకు మించి దానికి శక్తి లేదు. క్రొత్తమాంసమును నింపుట, పైతోలును గప్పుట శరీరము చేసికొను పనులు. ఆ పనికి శుభ్రమైన గాయము, మంచి రక్తప్రసరణము, ఆహారము, విశ్రాంతి కావలెను. సూక్ష్మజీవులు చొఱబడి యా పనిని జెఱచునపుడు మాత్రమే యీ మందు తోడ్పడును. చొఱబడనిచోట దీని నిచ్చుట దొంగ రాని యింటికి దండు బిలిచినట్లే. ఆ దండునకు దిండి పెట్టవలసినది మాత్రము మనమే.

తెఱచియున్న ప్రతి గాయముమీదను నెన్నియో సూక్ష్మజీవులుండును. అవి యున్నంతమాత్రమున గాయము చెడినట్లు గాదు. చెడుటకు లక్షణములు వేఱు: ఎఱ్ఱదనము గాయపుటంచును దాటి వ్యాపించుట, వేడిమి, వాపు, దినదినమునకు దగ్గక హెచ్చు నొప్పి, చీము, దుర్గంధము, చలిజ్వరము, గాయమునుండి పైకి బ్రాకు నెఱ్ఱని చార, గజ్జలలోనో చంకలోనో బిళ్ల గట్టుట. ఇందు రాగము, ఊష్మము, శోఫము, వేదన యను నాలుగింటిని రోమకుడైన సెల్ససు రెండువేల యేండ్లనాడే లెక్కించెను. ఒకటి మఱువరాదు. గాయమైన మొదటి యొకటి రెండు దినములు సన్నని యెఱుపును, గొంచెము వాపును సహజములు. పుండుపై బసుపుపచ్చని పలుచని పొర కనబడినంతనే చీమని భయపడవలదు. సందేహము కలిగినచో నెఱుపు చుట్టును గలముతో గీత గీయుడు. గంటలలో గాని మఱునాటికి గాని యెఱుపు గీతను దాటెనా, వైద్యుని యొద్దకు బోవలసినదే. కాగితముపై దప్పు దిద్దుటకు దప్ప మా యెఱ్ఱకలము పనికిరాదనువారికి నిది చూపదగిన యుపయోగము!

ఇక మన ప్రాచీనుల మాట. సుశ్రుతుడు సద్యోవ్రణములను ఛిన్న, భిన్న, విద్ధ, క్షత, పిచ్చిత, ఘృష్టములని యాఱుగా విభజించెను. తెగినది, చీలినది, గ్రుచ్చుకొన్నది, నలిగినది, ఒరసికొన్నది యొకటి గాదని యాతడెఱుగును. శుద్ధవ్రణమునకును దుష్టవ్రణమునకును లక్షణములు వేఱుగా జెప్పెను. చికిత్సకు షష్ట్యుపక్రమములు, అనగా నఱువది విధానములు చెప్పి, శోధనమునకును బంధనమునకును జాల విస్తరమిచ్చెను; వ్రణితుడు పరుండదగిన గృహమునకు బ్రత్యేకాధ్యాయమే యున్నది. ఇంతమాత్రమున యాంటీబయాటిక్కులు మన గ్రంథములలోనే కలవని చెప్పుట మాకు సమ్మతము గాదు. సూక్ష్మజీవులను వారు చూడలేదు. చూడకయే గాయమునకు శుభ్రతయు, భేదజ్ఞానమును ముఖ్యమని గ్రహించిరి. వారిని గౌరవించుటకు నిది చాలును. లేనిదానిని జేర్చి పొగడుట విద్యార్థికి జూపిన దుర్మార్గమగును.

ఆ భేదజ్ఞానమునే నేటి వైద్యులును బాటించుచున్నారు. ఒరసికొనిన మోకాలికి, శుభ్రమైన కత్తి తెగుటకు, కడిగి కుట్టిన సామాన్యపు గంటునకు, ఆరోగ్యవంతుడైనవానికి, యాంటీబయాటిక్కు అక్కఱలేదు. అన్నపుగంజి యొలికి కాలిన చిన్న బొబ్బకు నక్కఱలేదు. దానికి వెంటనే యిరువది నిమిషములు పాఱు చల్లనినీరు కావలెను, దంతమంజనముగాదు. చీముగడ్డకు బ్రధానచికిత్స వైద్యుడు కోసి చీము వెడలించుట. చీములోనికి మందు చక్కగ జొఱబడదు. పాముకాటునకు యాంటీవెనము ప్రాణప్రదము; యాంటీబయాటిక్కు అచ్చట పుండు చెడినపుడే. మధుమేహరోగి పాదపు వ్రణమునకు గూడ, అది చెడని పక్షమున, నీ మందువలన మేలులేదు. పాదముమీది యొత్తిడి దీయుట, చచ్చినమాంసము దీయించుట, చక్కెర నదుపుననుంచుట మేలు. అయితే చెడినదో లేదో యింట నిర్ణయించుకొనరాదు. ఆ పాదము నొప్పి చెప్పదు గదా.

చెడకముందే, ముందుజాగ్రత్తగా, యీ మందు నీయదగిన గాయములును గలవు. వానిని శ్రద్ధగా వినవలెను. ఎముక విఱిగి బయటబడిన గాయము. కీలులోనికి, స్నాయువులోనికి దిగిన గాయము. ఎడ్లబండి, ట్రాక్టరు, నూర్పుయంత్రముల క్రింద నలిగి మట్టి లోతుగా జొచ్చిన గాయము. చేతిమీదను, ముఖముమీదను, కీళ్లకడను గలిగిన కాటు. పిల్లి లోతుగా గఱచిన కాటు. మనుష్యుని పండ్లు దిగిన గాయము. ఈ కడపటిది నవ్వులాట గాదు. పిడికిలితో నెదుటివాని పండ్లమీద గొట్టినవాని వ్రేలికీలు చెడుట వైద్యులు తఱచు చూచుచుండునది. తగవు సంగతి దాచి తలుపు సందున బడినదని చెప్పువాడు వ్రేలిని గోల్పోవచ్చును. మధుమేహులకు, కాలేయరోగులకు, ప్లీహము తీయించుకొన్నవారికి వైద్యుడు మఱింత ముందుగనే యీయవచ్చును. ఏ మందు, ఎన్ని దినములు అనునది మేము బుద్ధిపూర్వకముగనే చెప్పుట లేదు. పేరు చెప్పినచో ఱేపటి యుదయమునకు దుకాణములో నా పేరు వినబడునని మా యనుభవము.

మన ప్రాంతమునకు బ్రత్యేకమైనవి రెండు మూడున్నవి. చేపల రొయ్యల చెఱువులలోను, ఉప్పుటేళ్లలోను దెగిన గాయమున నేలమీది గాయములలో సామాన్యముగా నుండని సూక్ష్మజీవులు చేరును. వానిలో గొన్ని కాలేయరోగులకు గంటలలో బ్రాణాపాయము దెచ్చును. వరిమడి మట్టిలో మెలియోయిడోసిస్ అను వ్యాధిని గలిగించు బాక్టీరియా యుండవచ్చును. అది వానకాలమున బురదలో బనిచేయు మధుమేహుల గాయముగుండ బ్రవేశింపగలదు, సామాన్యముగా వాడు పెక్కు మందులకు లొంగదు. కావున వైద్యునితో "కాలు తెగినది" యనుట చాలదు. చెఱువులోనా, మడిలోనా, పశువులకొట్టములోనా తెగినదో చెప్పవలెను. ఆ యొక్క మాటవలన మందు మాఱును.

ధనుర్వాతము వేఱు సంగతి. మందుమాత్ర తింటిమి గదా యని టీకా మానరాదు. ఒకటి రెండవదానికి బదులు గాదు. 2019 మొదలు మన దేశమున టీటీకి మాఱుగా ధనుర్వాతమునకును గంఠసర్పికిని గలిపి టీడీ యను టీకా నిచ్చుచున్నారు. మొదటి మూడు మోతాదులు పూర్తియైనవారికి, మురికి గాయమైనచో నైదేండ్లు దాటినను, శుభ్రమైన చిన్నగాయమైనచో బదియేండ్లు దాటినను మఱియొకటి కావలెను. ప్రతి గాయమునకును వేయించుకొనువారును, ఎన్నడును వేయించుకొనని వారును మనలో సమానముగా గనబడుచున్నారు! కుక్కకాటునకు మొదటిపని పదునైదు నిమిషములు సబ్బుతోను బాఱునీటితోను గడుగుట; ఆ పిమ్మట నానాడే టీకా. కారము, సున్నము పూయుట మానవలెను.

కడుగుటను గూర్చి యింకొక మాట. త్రాగదగిన నీరు గాయము గడుగుటకును దగినదే, కాలువనీరు దగదు. రక్తము కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డతో బది నిమిషములు విడువక యదిమిపట్టవలెను. మధ్యమధ్య నెత్తి చూచుట తగదు. స్పిరిటు, హైడ్రోజను పెరాక్సైడు లోతుగాయమున బోసినచో సూక్ష్మజీవులతోపాటు క్రొత్తగా బుట్టు మాంసమును గాల్చును. మొదటి మహాయుద్ధకాలమున ఫ్రాన్సుదేశపు సైనిక వైద్యశాలలో ఫ్లెమింగుగారు కనిపెట్టినదిదియే: ఘాటైన క్రిమినాశకములు లోతుగాయములలో మేలుకంటె గీడే యెక్కువగా జేయుచున్నవని. పెన్సిలిన్ బూజును జూచుట యా పిమ్మటి మాట, 1928 నాటిది. "పుండునకు గాలి తగులనిమ్ము" అను పెద్దల మాటయు నిలువలేదు. 1962లో జార్జి వింటరను శాస్త్రజ్ఞుడు తడి యాఱక కప్పియుంచిన గాయము త్వరగా గప్పుకొనునని పందులయందు బరీక్షించి చూపెను. మన రైతులు గట్టుమీది గడ్డిచేమంతి యాకు నలిపి పిండుట గలదు; ఆకునంటిన మట్టి గూడ లోపలికి బోవునుగదా. గొట్టపుమాత్ర విఱిచి పొడిని బుండుపై జల్లుట దానికంటె నన్యాయము. అది పైన గట్టకట్టి క్రింది మురికిని దాచును, కొందఱకు దద్దురు పుట్టించును, బాక్టీరియాకు మందునందలవాటు నేర్పును.

అలవాటను మాటను గొంచెము వివరింతుము. ఒక గుంపులో నూటికొకటి యా మందునకు లొంగనిది యున్నదనుకొందము. అక్కఱలేని మందు లొంగినవానిని జంపి, లొంగనిదానికి జోటు చేయును. అది వృద్ధిపొంది యింటిలోనివారికిని బ్రాకును. నేడు మనుమని మోకాటిగీతకు వాడిన మందు ఱేపు తాతగారి న్యుమోనియాకు బనిచేయకపోవచ్చును. ఇట్లు మందులకు లొంగని బాక్టీరియావలన నేరుగా 2019వ సంవత్సరమున ప్రపంచమునందు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు 2022లో లాన్సెట్ పత్రికయందు బ్రకటించిన యంచనా. 1945 డిసెంబరులో నోబెల్ బహుమానము స్వీకరించుచు ఫ్లెమింగుగారే యీ యపాయమును హెచ్చరించియుండిరి. మన ప్రభుత్వమువారు 2013లో హెచ్1 అను పట్టికను జేసి, పెక్కు యాంటీబయాటిక్కులను వైద్యుని చీటి లేనిదే యమ్మరాదనియు, నమ్మినచో వివరము పుస్తకమున వ్రాయవలెననియు నియమించిరి. మాత్రలపట్టీపై నిలువుగా నెఱ్ఱగీత యున్నచో వైద్యుడు వ్రాయక కొనరాదని 2016లో బ్రచారము చేసిరి. నియమమున్నది, మనము చీటి లేక యడుగుచున్నాము, వారిచ్చుచున్నారు.

ఇంతసేపు మందును దిట్టినట్లున్నది గనుక దాని గొప్పతనమును జెప్పక విడువరాదు. 1941 ఫిబ్రవరిలో ఆక్సుఫర్డునందు ముఖమున గలిగిన పుండు విషమించి, కన్ను గోల్పోయి, మరణావస్థలోనున్న యొక పోలీసు జవానునకు బెన్సిలిన్ మొదటగా నిచ్చిరి. దినములలో జ్వరము దిగెను, ఆకలి పుట్టెను. ఉన్న మందు చాలలేదు. ఆతని మూత్రమునుండి మందును దిరిగి తీసి యిచ్చిరి, అదియు నయిపోయెను. మార్చి 15న నాతడు మరణించెను. ఒక్క గాయమునకు మనుష్యుడు చచ్చుటయే లోకరీతిగా నుండిన దినములవి.

ఆ దినములను మాన్పినవారిలో మన యాంధ్రుడొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో జదివి, 1922లో నమెరికాకు బోయిరి. ఆయన లెడర్లీ సంస్థయందు బరిశోధనాధిపతిగా నుండగా 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. దానిని గనుగొన్న బెంజమిన్ డగ్గరుగారు విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి గైకొని, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట నా సంస్థలో జేరిన వృక్షశాస్త్రాచార్యులు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు గడ్డిపొలములోని మట్టియందు బంగారువన్నె బాక్టీరియా నుండి యా మందు లభించెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో నదియే మొదటిది. విశ్రాంతోపాధ్యాయులు సభలలో నుపన్యాసములకే తగుదురనువారు డగ్గరుగారిని దలంపవలెను. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కునందు గన్నుమూసిరి. బోదకాలు వ్యాధికి నేటికిని వాడు డైఇథైల్ కార్బమజీన్ మందును 1947లో వెలువరించినదియు వారి బృందమే. బోదకాలువారికి వచ్చు జ్వరపు పోటులు పెక్కు వ్రేళ్లసందుల పగుళ్లగుండ జొచ్చిన బాక్టీరియావలన గలుగును. పోటు వచ్చినపుడు యాంటీబయాటిక్కు అవసరము, పోటు రాకుండుటకు బ్రతిదినము సబ్బుతో గడిగి తుడిచి యారబెట్టుట యవసరము. గోదావరీతీరపు సుబ్బారావుగారి బృందము వెలువరించిన యా రెండు మందులును మన డెల్టా కాళ్లకే యన్నట్లున్నవి.

పోషక మహాశయులు గమనింపదగిన విశేషమొకటి గలదు. సుబ్బారావుగారి యమెరికా ప్రయాణమునకు మామగారితోపాటు సాయపడినది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ. దాత కులమొకటి, విద్యార్థి కులమొకటి. మన సంఘ నియమావళిలో సహాయము సంఘీయులకే యను నిబంధన గలదు. దానిని జర్చించుటకు నేటి ప్రసంగము తావు గాదు గాని, గాయముల విషయమునైన నా నిబంధన సడలింపవలెనని మా ప్రార్థన. పొలములో బ్రక్కన నాటువేయువాని కాలికి గులమడిగి కట్టుకట్టుట సాధ్యమా?

మేము కోరునది స్వల్పము. ప్రతి గ్రామశాఖకును, మన విద్యార్థివసతిగృహమునకును నొక్కొక్క పెట్టె: సబ్బు, శుద్ధమైన గాజుగుడ్డ, పట్టీలు, పటుకారు, కత్తెర, చేతితొడుగులు, గీత గీయుటకొక కలము, టీడీ టీకా తేదీలు వ్రాయుటకొక పుస్తకము. ఆ పెట్టెలో మాత్రలుండరాదు. ఎవరైన మిగిలినవి తెచ్చి దానముగా వేసినను గైకొనరాదు. ఏ గాయమునకు వెంటనే వైద్యశాలకు బంపవలెనో పై లక్షణములను బెద్దయక్షరములతో మూతలోపల నంటింపవలెను. గాయము చూచుటకు మించిన నొప్పి, తోలు నల్లబడుట, బొబ్బలెక్కుట, అదిమిన జిటపటమను చప్పుడు, వీనిలో నేదున్నను దెల్లవాఱువఱకు నాగరాదని యెఱ్ఱసిరాతో వ్రాయవలెను. వ్యయము గత సంవత్సరము పూలదండలకైనదానిలో సగమునకు మించదని కోశాధికారిగారు లెక్కగట్టి చెప్పిరి.

మాదిరిపెట్టె యొకటి సభావేదిక కుడిప్రక్కన నున్నది. భోజనానంతరము తూర్పుపందిరిలో నలువదియేండ్లు దాటినవారందఱకు మధుమేహపరీక్షయు, బాదపరీక్షయు జరుగును. స్త్రీలకు వేఱుగా నేర్పాటైనది. వచ్చువారు కాళ్లు కడిగికొని రావలెనని వైద్యులు కోరిరి, కుళాయికడ సబ్బుంచబడినది.